కనుమ కింద పదకొండు ఇండ్లు

ఆదోనిలో రైలు దిగి, మార్కెట్ యార్డు గేటు దగ్గర బీడీ కాల్చుకుంటున్న ఏ హమాలీనైనా అడగండి, ఉచ్చీరప్ప ఎలాంటివాడని. దారి తప్పని మనిషి అంటాడు. అరవై ఆరేళ్ళలో నేను దారి తప్పింది లేదు, నా వెంట నడిచినవాణ్ణి తప్పనిచ్చిందీ లేదు. కోసిగి పక్క పల్లెల్లో పనులు అయిపోగానే పిల్లాపాపలతో వలస పోవడాన్ని మేము సుగ్గికి పోవడం అంటాం. అలా సుగ్గికి నేను నడిపించిన గుంపులకు అంతు లేదు. గుంటూరు మిరపచేలల్లో కళ్ళకు గంతలు కట్టి వదిలేసినా తిరిగొచ్చి మా ఇంటి గడప మీదే కాలు పెడతాను. ఒకసారి అమావాస్యనాడు కాలువ గట్టు మీద నలభైమందిని నడిపించాను. బయలుదేరింది నలభై, చేరింది నలభై ఒకటి. ఆ ఎక్కువైనవాడెవడో ఇప్పటికీ తెలియదు గానీ, సంగటి మాత్రం అందరికంటే ఎక్కువ తిన్నాడు.

ఇలాంటివాణ్ణి కాబట్టే హిమాలయాల్లో నడవడానికి నన్ను పిలిచారు.

పిలిచింది మా చెల్లెలు మల్లేశ్వరి కూతురు సంతోషి. మల్లేశ్వరి, వాళ్ళాయన ముప్పై ఏళ్ళ కిందట బిల్డింగు పనికి బెంగళూరు పోయి అక్కడే రేకుల షెడ్డులో ఉండిపోయారు. కడుతున్న మేడల పక్కనే ఈ పిల్ల పుట్టింది, గోడలు లేని మెట్లెక్కుతూ పెరిగింది. ఆ అలవాటో ఏమో, జనాన్ని కొండల్లో నడిపించే ఒక కంపెనీలో చేరింది. ఆరేళ్ళు వంట టెంటులో గిన్నెలు తోమింది. రెండేళ్ళు ఇంకొక లీడరు వెనక నడిచింది. పోయిన జూన్‌లో మొదటిసారి దానికి సొంతంగా ఒక బ్యాచి ఇచ్చారు. మనుషుల్ని మన పక్క నుంచే పోగుచేసుకుంది. ఎమ్మిగనూరు బ్యాంకులో పనిచేసే నలుగురు, అదే ఊరి నేతగాడు తిరుపాల్, మా ఆదోనిలో రైల్వే గ్యాంగుమన్‌గా చేసి దిగిపోయిన ఇశ్రాయేలు. ఇంకో ఇద్దరు బయలుదేరడానికి పదిహేను రోజుల ముందు మానుకున్నారు.

ఫోను వచ్చింది.

"మామా, ఇద్దరు తగ్గినారు. ఎనిమిది మంది ల్యాకుంటే బ్యాచి రద్దంట. నువ్వూ అత్తా రాండి."

"ఏం పని సేయాల?"

"పనేం ల్యా. నడవాల."

"నడిసి?"

"నడిసి కొండ అవతలికి పోవాల."

"అవతల ఏముండాది?"

"ఇంగో కొండ."

పని లేకుండా నడిచే నడక ఒకటి ఉంటుందని వినడం అదే మొదటిసారి. నవ్వబోయాను. ఆ పిల్ల గొంతు తగ్గించింది. "మామా, ఈ బ్యాచి సక్కగా పోయొస్తే నన్ను లీడరు సేస్తారు. ఎవురికన్నా ఏమన్నా అయిందా, మళ్ళా గిన్నెలకే. తెలిసినోళ్ళు ఎంబడి ఉంటే నాకు ధైర్యం."

"నేనుండగా ఎవురికేమైతాది లేప్పా" అన్నాను. ఆ మాట నేనే అన్నాను. మరిచిపోకండి.

మా ఆవిడ హులిగమ్మ విని, "పనిల్యాకుండా నడుస్తారంట, పిచ్చోళ్ళా ఏమన్నానా" అంటూనే రెండు రోజులు కూర్చుని నలభై సజ్జ రొట్టెలు కాల్చింది, శెనక్కాయల పొడి కొట్టింది. డాక్టరు మా ఇద్దరి గుండెలూ విని సంతకం పెట్టాడు.

ఢిల్లీ దాకా రైలు, తర్వాత బస్సు. మనాలి దాటి ఒక ఊర్లో దించారు. దాని పేరు పలకాలంటే నాలుక రెండు మడతలు పెట్టాలి, నా వల్ల కాదు. మన పక్క ఊరంటే నేల మీద పరిచిన చాప. ఆ ఊరు మేకుకు తగిలించిన క్యాలెండరు. పలకరాళ్ళ కప్పులు, చెక్క వసారాలు, ఒకరి వాకిలి ఇంకొకరి మిద్దె. పై ఇంటి కోడి గుడ్డు పెడితే అది దొర్లుకుంటూ పోయి కింది ఇంటి వంటగదిలో ఆగుతుంది. అందుకే అక్కడ కోడి ఒకరిది, గుడ్డు ఇంకొకరిది. అందరికంటే పైన ఉండే ముసలమ్మ మాత్రం పాపం, ఇంతవరకు గుడ్డు ముఖం చూడలేదట.

ఆ ఊరివాడే అంగ్రూప్. నలభై ఏళ్ళుంటాయి, సంతోషికి సాయంగా దారి చూపేవాడు. హిందీ మాట్లాడతాడు. ఆదోనిలో బతికినవాడికి ఉర్దూ అంతో ఇంతో వస్తుంది కదా, మా ఇద్దరికీ బాగానే కుదిరింది. నన్ను "చాచా" అనేవాడు.

మొదటి రోజు ఊరికే కూర్చోబెట్టారు, ఆ గాలికి అలవాటు పడాలట. గాలికి అలవాటు పడటమేమిటని నవ్వాను. రెండో రోజు నడక మొదలయ్యాక తెలిసింది. పది అడుగులు వేశాను, ఛాతీలో ఎవరో బోరా కుట్టు బిగించినట్టయింది. ముప్పై ఎనిమిదేళ్ళు పత్తి బోరాలు మోసినవాణ్ణి, భుజం మీద ఒక సంచి కూడా లేకుండా, రాయి మీద కూలబడ్డాను. నా మీద నాకే నమ్మకం కలగలేదు. ముక్కు మీద చూస్తే ఎండ చుర్రుమంటోంది, చెవి మీద చూస్తే చలి కొరుకుతోంది. ఒకే ముఖంలో మే నెలా, పుష్యమాసమూ.

ఆ మధ్యాహ్నమే మంచు చూశాను. దారి పక్క నీడలో తెల్లటి కుప్ప. చెయ్యి ఊరుకుంటుందా? పిడికెడు తీసి, యార్డులో వ్యాపారులు పింజ పొడవు చూసినట్టు, రెండు బొటనవేళ్ళ మధ్య పెట్టి లాగాను. పింజ లేదు, పోగు లేదు. వేళ్ళు భగ్గుమన్నాయి. నిప్పు లేకుండా కాలడం నా జన్మలో అదే. నోరు తెరుచుకుని నిలబడిపోయాను.

"ఏమిరా ఉచ్చీరా, సరుకెట్లుండాది?" అన్నాడు ఇశ్రాయేలు.

"తేమ ఎక్కువుండాది, కొనొద్దు" అన్నాను.

దారిలో జడల బర్రె ఒకటి ఎదురైంది. తాడు బిగించకముందు పత్తి లారీ ఎంత ఉబ్బి ఉంటుందో అంత ఉంది. ఒక కొమ్ముకు హులిగమ్మ చీర, ఇంకో కొమ్ముకు నా పంచె ఆరేసుకోవచ్చు. అది మాకు దారి ఇవ్వలేదు, మేమే దానికిచ్చాం. ఆ రాత్రి చలికి ఇశ్రాయేలు గ్లాసులో తీసిపెట్టిన పళ్ళసెట్టు తనంతట తానే టకటకలాడింది. లేచి చూసి ఆయనే దానికి మఫ్లరు చుట్టాడు.

సంతోషిని చూస్తే నాకు ఇంకా విడ్డూరంగా ఉండేది. మా ఇంట్లో నా ముందు కూర్చోవడానికి సిగ్గుపడే పిల్ల, ఇక్కడ నా చేతిలోని నీళ్ళ సీసా చూసి, "మామా, సగం కూడా తాగల్యా. నా ఎదురుగానే తాగు" అనేది. ఆగిన ప్రతిచోటా వేలితో తలలు లెక్కపెట్టేది. ఎనిమిది వచ్చేదాకా కూర్చునేది కాదు.

మూడో రోజు మధ్యాహ్నానికి కనుమ కింద మైదానంలాంటి చోట గుడారాలు వేశారు. మర్నాడు తెల్లవారుజామున కనుమ దాటాలి. ఈలోగా కాస్త పైకి పోయి, ఆ గాలిలో ఒక గంట కూర్చుని దిగి వద్దామంది సంతోషి. అందరం బయలుదేరాం. అరగంట ఎక్కామో లేదో, హులిగమ్మకు ఆయాసం వచ్చింది. అంటే, ఆయాసం నాకు వచ్చింది, పేరు ఆమెది పెట్టాను.

"ఈడనే కూసోండి. దిగేటప్పుడు పిల్సుకోని పోతాం. యాడికీ పోవద్దండి" అని చెప్పి సంతోషి మిగతావాళ్ళను తీసుకుని పైకి పోయింది.

కూర్చున్నాం. చుట్టూ చూస్తే చెట్టు లేదు, పుట్ట లేదు, గడ్డిపరక లేదు. కొండంతా రాళ్ళు. అప్పుడు కనబడ్డాయి. కొంచెం దూరంలో ఒకదాని మీద ఒకటి పేర్చిన రాళ్ళ కుప్ప. ఇంకొంచెం కింద ఇంకొకటి. ఆ కింద మరొకటి.

"హులిగీ, సూడే! వీళ్ళు గూడా ఇండ్లు మొక్కుతారే!"

మీకు తెలియకపోతే చెప్తాను. మన పక్క కొండ మీది దేవుడి దగ్గరికి పోతే, సొంత ఇల్లు లేనివాళ్ళు దారి పక్కన మూడు రాళ్ళు, ఐదు రాళ్ళు పేర్చి దండం పెట్టుకుంటారు. దేవుడు అటు పోతూ చూసి, పాపం వీడికి ఇల్లు కావాలట అని గుర్తుపెట్టుకుంటాడు. పేర్చినట్టు ఎవరికీ చెప్పకూడదు. చెబితే పునాది కదులుతుంది. మా ఇల్లు అలా మొక్కిన పన్నెండేళ్ళకు లేచింది.

ఇంత ఎత్తులో, ఇన్ని ఇండ్లు మొక్కారంటే ఇక్కడి దేవుడు ఎంత దగ్గర! మన ఊరి కొండ మీద మొక్కితేనే పలికాడు, ఆకాశానికి గోరంత దూరంలో మొక్కితే పలకడా?

"ఎవురివో ఏమో, ముట్టుకోవద్దు" అంది హులిగమ్మ.

వింటానా? మొదటిది మల్లేశ్వరికి కట్టాను. ముప్పై ఏళ్ళుగా ఊరందరికీ మేడలు కట్టి రేకుల కింద పడుకుంటోంది కదా, ఐదు రాళ్ళు పేర్చాను, రెండంతస్తులు. రెండోది సంతోషికి. మూడోది, మా వీధిలో గోడ కూలిన దేవక్కకు. చేయి తిరిగాక ఆగదు. మంచి పలకరాళ్ళు ఎడమ పక్క వాలులో ఉన్నాయి, అందుకని ఇండ్లు కూడా వరసగా అటే పోయాయి, ఒక్కొక్కటి యాభై అడుగుల దూరంలో. ఊరన్నాక ఇంటికీ ఇంటికీ మధ్య గాలి ఆడాలి కదా. ఒకచోట రాళ్ళు చాలకపోతే, దారి మీదున్న పాత కుప్ప ఒకటి సగం ఒరిగి ఉంటే, ఎవరో కట్టి వదిలేసిన ఇల్లే కదా అని విప్పి దాని రాళ్ళు కూడా వాడుకున్నాను.

పదకొండోది కట్టేటప్పటికి నీళ్ళ హోరు వినబడింది. ఎడమ పక్క నేల విరిగినట్టు తెగిపోయి ఉంది, చాలా లోతున వాగు. అక్కడితో ఆపాను. హులిగమ్మ అంతసేపూ ముఖం తిప్పుకుని కూర్చున్నదల్లా లేచి వచ్చి చూసింది.

"కట్టేది కట్టినావు, అన్నం యాడ వొండుకోవాల? వాన్లోనా?"

తానే మూడు గులకరాళ్ళు ఏరి, ఆ చివరి ఇంటి ముందర పొయ్యి పెట్టింది.

కాసేపటికి పైనుంచి అంగ్రూప్, బ్యాంకు పిల్లలు నలుగురూ దిగి వచ్చారు. ఇశ్రాయేలు మోకాలు పట్టేసిందట, సంతోషి, తిరుపాల్ ఆయనతో మెల్లగా వస్తున్నారట. అంగ్రూప్ ఆ కొండను నిద్రలో కూడా దిగగలడు. రాళ్ళ వైపు చూడను కూడా లేదు. బ్యాంకు పిల్లవాడొకడికి తలనొప్పి, వాణ్ణి చెయ్యి పట్టుకుని గబగబా దించుతున్నాడు. వాళ్ళ వెంట మేమూ దిగాం.

గుడారాల్లోకి వచ్చి టీ గ్లాసు పట్టుకున్నామో లేదో, లోయలోంచి పొగమంచు లేచింది. ఎవరో కింద జిన్నింగు మిల్లు తలుపులు తెరిచి దూదంతా పైకి ఊదినట్టు. క్షణంలో ఎదుటి గుడారం మాయమైంది. చేతిలో గ్లాసు ఉంది, గ్లాసు పట్టుకున్న చెయ్యి కనబడటం లేదు.

ఎంతోసేపటికి ఈల వినబడింది. సంతోషి, దాని భుజం మీద బరువంతా వేసి కుంటుతూ ఇశ్రాయేలు. రెండేళ్ళు ఇంకొక లీడరు వెనక నడిచిన దారే కాబట్టి, ఆ పిల్ల రాళ్ళు వెతుక్కోకుండానే దిగింది. వంట టెంటులోకి వచ్చి ఆయన్ను కూర్చోబెట్టి, చెమట కూడా తుడుచుకోకుండా వేలు చాచి తలలు లెక్కపెట్టింది. వేలు ఆగిపోయింది. మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టింది.

"తిరుపాలన్న యాడ?"

"నీ ఎంబడి ఉండాడు కదా" అన్నాను.

"ల్యా మామా. మోకాలు పట్టేస్తానే, అంగ్రూప్‌ను పిల్సుకోని రమ్మని తిరుపాలన్నను ముందర పంపిస్తి. అప్పుడింకా తేటగానే ఉన్నింది. గంటయింది. ఆయప్ప రాల్యా?"

స్టవ్వు బుస్సుమంటోంది, అంతే.

"రాడానికేముండాది? రాళ్ళు పట్టుకోని పొమ్మని సెప్పినా కదా. కండ్లు కనపడకున్నా పోవచ్చు" అంది, తనకు తాను చెప్పుకున్నట్టు.

"ఏం రాళ్ళు?" అన్నాను.

"అవే మామా, దారెంబడి కుప్పలు పేర్సింటారు సూడు. అవి దారి గుర్తులు. ఈడ దారేం కనపడదు కదా, మంచొస్తే ఒక కుప్ప కాడ నిలబడి ఇంగో కుప్పను ఎతుక్కుంటా పోవాల. ఎవురూ వాటిని ముట్టుకోరు."

చెవుల్లో హోరు. అది నా చెవులదో, ఆ పదకొండో ఇంటి పక్క వాగుదో అర్థం కాలేదు. ఒక్కొక్క రాయీ నా చేతి నుంచి పైకి లేచి కళ్ళ ముందు కూర్చుంటోంది. మల్లేశ్వరి ఇల్లు. సంతోషి ఇల్లు. దేవక్క ఇల్లు. యాభై అడుగులకొకటి, వరసగా, చక్కగా, ఒక మనిషిని చెయ్యి పట్టుకుని తీసుకుపోయి లోయలో దింపేట్టు. పైగా అసలు గుర్తును విప్పిన చెయ్యి కూడా ఇదే. మొదట్లో నేను దారి తప్పనిచ్చే మనిషిని కాదన్నాను చూశారా, ఆ వాక్యం కొట్టేయండి. గట్టిగా కొట్టేయండి. నలభైమందిని నడిపించిన ఉచ్చీరప్ప, ఒక్కడంటే ఒక్కణ్ణి, తాను టీ తాగుతూ, అంత దూరం నుంచి దారి తప్పించాడు. ఇంత గొప్ప పని ఎవరివల్ల అవుతుంది?

సంతోషి అప్పటికే టార్చిలైటు తీసుకుంది. "దారి గుర్తులెంబడే పైకి పోయి ఎతుకుదాం. ఆడనే యాడో కూసోనుంటాడు" అంటోంది అంగ్రూప్‌తో. వాళ్ళు అటు పోతే తిరుపాల్ దొరకడు. చీకటి పడటానికి ఇక రెండు గంటలు కూడా లేదు. చీకటి పడ్డాక ఆ చలిలో బయట కూర్చున్నవాడి సంగతి నాకెవరూ చెప్పక్కర్లేదు.

నేను లేచి నిలబడ్డాను. గుడారం మధ్య గుంజ పట్టుకున్నాను.

"ఆగండి. ఆడికి పోవద్దండి. అవి గుర్తులు కావు. అవి నా ఇండ్లు" అన్నాను.

సంతోషి నా వైపు చూసిన చూపు నేను రాయలేను. కోపం అయితే బాగుండేది. అర్థం కాలేదు దానికి. "ఇండ్లేంది మామా?" అంది. చెప్పాను. పదకొండని చెప్పాను. ఎడమ పక్కకని చెప్పాను. పాత కుప్ప విప్పానని కూడా చెప్పాను. అది మన పిల్ల కదా, ఇండ్లు మొక్కడం తెలుసు. బెంగళూరులో పుట్టినా వాళ్ళమ్మ ఎన్నిసార్లు పేర్చించిందో. ముఖం పాలిపోయింది. అంగ్రూప్‌కు హిందీలో చెప్పింది. ఆయన అంత ఎండకు కమిలిన ముఖం కూడా తెల్లబడటం చూశాను.

"ఆ పక్క లోతు వాగు ఉంది" అన్నాడు. తాడు భుజానికి తగిలించుకున్నాడు.

నేనూ పోయాను. నా ఇండ్లు నాకు తప్ప ఎవరికి దొరుకుతాయి? ముందు నేను, నా నడుముకు కట్టిన తాడు పట్టుకుని అంగ్రూప్, ఆ వెనక సంతోషి. ఎక్కుతుంటే ఊపిరి అందడం లేదన్నది కూడా తోచలేదు. మొదటి కుప్ప చేతికి తగిలింది.

"ఇది మల్లేశ్వరిది" అన్నాను.

సంతోషి "తిరుపాలన్నా!" అని అరిచింది. పొగమంచు ఆ అరుపును అక్కడికక్కడే మింగేసింది. రెండో కుప్ప.

"ఇది నీది."

అప్పుడు దాని చెయ్యి ఆ రాళ్ళ మీద ఒక్క క్షణం ఆగింది. "నాకేటికి మామా" అంది. అంతే.

ఆరో ఇల్లు దాటాం. ఏడోది కనబడలేదు, మోకాళ్ళ మీద పాకి తడుముకున్నాను. ఎనిమిదో దాని పక్క మెత్తటి మంచులో బూటు అడుగు ఉంది. ఇశ్రాయేలు రైల్వే బూటు కాదు, బ్యాంకు పిల్లల రంగు బూటు కాదు, వెడల్పుగా, కొత్తగా. తిరుపాల్ ఈ దారినే పోయాడు. సంతోషి ఆ అడుగు పక్కన కూర్చుండిపోయింది. అంగ్రూప్ రెక్క పట్టి లేపాడు. ఎడమ పక్క వాగు హోరు మొదలైంది. తొమ్మిది. పది. పదకొండో ఇల్లు దాటితే ఐదు అడుగులు, అంతే నేల.

ఈల వేసింది సంతోషి. జవాబు లేదు. ఇంకోసారి వేసింది. ఈల సగంలో ఆగింది.

ముందు నుంచి, దగ్గరగా, నింపాదిగా ఒక గొంతు.

"ఎవురప్పా ఈడ మేస్త్రీ?"

పదకొండో ఇంటిని రెండు కాళ్ళ మధ్య పెట్టుకుని, మగ్గం ముందు కూర్చున్నట్టు కూర్చున్నాడు తిరుపాల్. పెదాలు నీలం. దుప్పటి తల మీదుగా కప్పుకున్నాడు. అడుగు కూడా కదలలేదట. సంతోషి పోయి ఆయన ఒళ్ళో పడి ఏడ్చింది. ఆయనేమో దాని వీపు తడుముతూ నా వైపు చూస్తున్నాడు.

"రాళ్ళు పట్టుకోనే వస్తి, ఉచ్చీరన్నా. ఒగటి, రెండు, పది అయినాయి. ఇంగో దాని కోసరం సేత్తో తడుముతాంటే ముందర మూడు గులకరాళ్ళు తగిలినాయి. ముట్టి సూస్తి. పొయ్యి! దారి గుర్తుకు పొయ్యెందుకప్పా పెడతారు? ఇది కొండోళ్ళ పని కాదు, ఎవురో మనోళ్ళు ఇల్లు మొక్కినారు, నేను దారిలో ల్యా అనుకుంటి. పోగు తెగినాక మగ్గం తొక్కితే గుడ్డంతా పాడయితాది. కూసుంటి. ఎవురిదప్పా ఈ ఇల్లు?"

"నీదే" అన్నాను. నిజానికి ఆ ఇల్లు ఎవరి పేరా అనుకోలేదు. ఆ క్షణంలో ఆయనకే రాసిచ్చాను.

చీకటి పడకముందే గుడారాలకు చేరాం. తిరుపాల్‌కు వేడి నీళ్ళ సీసాలు రెండు చంకల్లో పెట్టి పడుకోబెట్టారు. తెల్లవారేసరికి ఉప్మా బాగోలేదని అనేంత ఆరోగ్యం వచ్చింది.

ఆ రోజు కనుమ దాటలేదు. పొద్దున్నే అంగ్రూప్ నన్ను పైకి తీసుకుపోయాడు. తిట్టలేదు. "చాచా, మీరు కట్టారు, మీరే విప్పండి" అన్నాడు. కట్టడానికి గంట పట్టింది, విప్పడానికి మూడు గంటలు. మల్లేశ్వరి ఇంటి దగ్గర చెయ్యి రాలేదు. అంగ్రూప్ పక్కకు తిరిగి నిలబడ్డాడు. పాత గుర్తును మాత్రం ఆయనే కట్టాడు, నన్ను ముట్టుకోనివ్వలేదు.

సంతోషి కంపెనీకి పంపాల్సిన కాగితం రాస్తోంది. పక్కన కూర్చుని, "నా పేరు రాయి తల్లీ. నేనే కట్టినానని రాయి" అన్నాను.

"రాస్తా మామా. అయినా మనిషిని కంటికి కనపడకుండా పంపించింది నేను. అది గూడా రాయాల."

"అది రాయకుంటే?"

"రాయకుంటే లీడరెట్లయితా?" అంది, తల ఎత్తకుండా.

మర్నాడు కనుమ దాటాం. పైన నిలబడి చూస్తే, ఆ పిల్ల చెప్పినట్టే, అవతల ఇంకో కొండ. దాని వెనక ఇంకొకటి. పిచ్చి పట్టేలా ఉన్నాయి. ఎనిమిది తలలూ లెక్కపెట్టి, అప్పుడు కూర్చుంది సంతోషి.

కంపెనీవాళ్ళు ఆ సీజనంతా దాన్ని మళ్ళీ ఇంకొకరి వెనకే నడిపించారు. గిన్నెలకు మాత్రం పంపలేదు. ఈ సంవత్సరం మళ్ళీ ఒక బ్యాచి ఇచ్చారు. నన్ను పిలవలేదు, హులిగమ్మను పిలిచింది.

ఇదీ జరిగింది. ఇందులో ఒకటి మాత్రం నేను కల్పించాను. మీరు కోడిగుడ్డు దగ్గరో, జడల బర్రె దగ్గరో, నలభై ఒకటో మనిషి దగ్గరో వేలు పెడతారు, నాకు తెలుసు. వాటి జోలికి పోకండి, అవి నా సొంత ఆస్తి, వాటిలో నిజమెంత ఉండాలో నాకు తెలుసు. నేను కల్పించింది, గుంజ పట్టుకుని లేచి నిలబడ్డానన్నది.

నేను లేవలేదు. టీ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాను. తిరుపాల్ తనంతట తానే వస్తాడేమో, నా మాట అవసరం ఉండదేమో అని కూర్చున్నాను. సంతోషి టార్చి తీసుకుని, బూట్ల తాళ్ళు బిగించి, గుడారం గుడ్డ పైకి ఎత్తేదాకా కూర్చున్నాను. టీ మీద మీగడ కట్టింది. అప్పుడు లేచింది హులిగమ్మ.

"సంతోషీ, ఆగు. అవి మీ మామ కట్టిన ఇండ్లు. చివరి ఇంటి కాడ పొయ్యి నాది" అంది.